పిఠాపుర కవులును స్వాతంత్ర్య విచారమును: ఆస్థానమునుండి చలనచిత్రము వరకు

దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు చలనచిత్రములకు పాటలు వ్రాయ మొదలిడిన నాటితో వారి కవిత్వచరిత్ర ముగిసినదని తలచు సాహిత్యపరులు కొందరు కలరు. 'కృష్ణపక్షము' వేరు, 'మల్లీశ్వరి' వేరు. మొదటిది ఆత్మనివేదనము, రెండవది జీవనోపాధి అని వారి విభజనము. ఈ విభజనము సులభమే కాని సత్యము కాదని మేము తలచుచున్నాము. కృష్ణశాస్త్రిగారు పుట్టి పెరిగిన పిఠాపురప్రాంతమున, అచటి ఆస్థానపు నీడలో, పలువురు కవుల రచనలందు మరల మరల తలయెత్తిన ప్రశ్న యొకటి కలదు. ఒకరి ఆశ్రయమున బ్రతుకువాడు తనవాడుగా నుండగలడా? అన్నము పెట్టినవాని ఋణమునకును ఆత్మస్వాతంత్ర్యమునకును పొత్తు కుదురునా? ఈ ప్రశ్న కావ్యమునుండి నాటకమునకును, నాటకమునుండి తెరకును నడచిన త్రోవను గుర్తించుటయే ఈ వ్యాసమున మా ప్రయత్నము.

పిఠాపురము నిన్న మొన్నటి ఊరు కాదు. సముద్రగుప్తుని ప్రయాగస్తంభ శాసనమున పిష్టపురప్రభువు పేర్కొనబడినాడు. క్రీ. శ. 634 నాటి ఐహోళె శాసనము రెండవ పులకేశి ఈ నగరమును జయించిన వార్తను చెప్పుచున్నది. పిష్టమనగా పిండి; శాసనకవి రవికీర్తి ఆ శ్లేషను వదలుకొనలేదు. పరాజితుల ఊరిపేరుతో విజేత ఆస్థానకవి పరిహాసమాడినాడన్న మాట. ఆశ్రితకవి చేయవలసిన పనులలో అదియు నొకటి కాబోలు. కుక్కుటేశ్వరుని క్షేత్రముగా, పాదగయగా ఈ ఊరికి గల ప్రసిద్ధి అందరెరిగినదే కావున దానిని విస్తరింపము.

మన విచారమునకు కావలసినది ఇరువదవ శతాబ్దపు పిఠాపురము. రావు వేంకట కుమార మహీపతి సూర్యారావు బహద్దరువారు (1885-1964) ఏలికలుగా నున్న కాలమున ఈ సంస్థానమున ఒక విచిత్రమైన కలయిక ఏర్పడెను. ఒకవైపున వారు 'సూర్యరాయాంధ్ర నిఘంటువు' నకు పోషకులు. జయంతి రామయ్య పంతులుగారి పక్షమున, అనగా గ్రాంథికభాషాపక్షమున, నిలిచినవారు. మరియొకవైపున రఘుపతి వేంకటరత్నం నాయుడుగారికి (1862-1939) శిష్యులు, బ్రాహ్మమతాభిమానులు. శబ్దమున పూర్వాచారము, సంఘమున నూతనాచారము! నాయుడుగారు 1904 మొదలు 1919 వరకు కాకినాడలోని పిఠాపురము రాజావారి కళాశాలకు అధ్యక్షులుగా నుండిరి. వేశ్యల నాట్యమేళములను నిరసించుట, అస్పృశ్యతను త్రోసిపుచ్చుట, స్త్రీవిద్యను పోషించుట వారి జీవితకార్యములు. ఏకేశ్వరునకు తప్ప మరి యెవ్వరికిని మనుష్యుడు తల వంచనక్కరలేదని బోధించు గురువు ఒక ఏలికకు గురువైనప్పుడు, ఆ ఏలిక కొలువులోని కవులు ఎవరికి తల వంచవలెను? ఈ చిక్కును ఆనాడు ఎవ్వరును ఇంత సూటిగా అడిగి యుండకపోవచ్చును. కాని వారి రచనలు అడిగినవి.

పానుగంటి లక్ష్మీనరసింహారావుగారిని (1865-1940) మొదట చెప్పవలెను. 'సాక్షి' వ్యాసములవలన వారి పేరు తెలుగునాట శాశ్వతమైనది. వారి హాస్యమును మెచ్చుకొనువారు నాటకములను నేడు అంతగా చదువుట లేదు; అది విచారకరము. ఆస్థానకవియైన ఈ నాటకకర్త 'పాదుకాపట్టాభిషేకము' వ్రాసిరి. రాజ్యము చేతికి వచ్చియు అది తనది కాదనుకొనిన భరతుని కథ అది. సింహాసనముపై మనుష్యుడు లేడు, చెప్పులున్నవి. అధికారము యొక్క యజమాని ఎవ్వరను ప్రశ్నకు ఇంతకంటె తీక్ష్ణమైన దృశ్యరూపము రామాయణమున దొరకదు. ఈ వస్తువును రాజాశ్రయమున నున్న కవి చేపట్టుటను మేము కాకతాళీయముగా భావింపజాలము. రంగస్థలము కవికి రెండవ ఆస్థానము. అక్కడి ప్రభువు టిక్కెట్టు కొనిన ప్రేక్షకుడు. 1932లో, తెలుగు టాకీ పుట్టిన సంవత్సరముననే, 'పాదుకాపట్టాభిషేకము' అను పేరుతో ఒక చిత్రము వెలువడెను. తెర మొదటిరోజులలోనే ఈ ఖాళీ సింహాసనము అచట ప్రత్యక్షమైనదని గుర్తింపవలెను.

ఆస్థానమున మరియొక మార్గము పట్టినవారు వేంకటపార్వతీశ్వర కవులు. బాలాంత్రపు వేంకటరావుగారును ఓలేటి పార్వతీశముగారును జంటగా రచించిన 'ఏకాంతసేవ' (1922) ఈశ్వరునితో జీవుని ఏకాంతమును గానము చేసినది. ఇందు రాజు లేడు, సభ లేదు. సేవ యన్న మాట మిగిలినది గాని ఏలిక మారినాడు. ఆస్థానకవి తన స్వాతంత్ర్యమును నిలుపుకొనుటకు తెలుగున ఎప్పటినుండియో నున్న ఉపాయమిదియే: పోతన మొదలు మన భక్తకవులు నరునకు కృతి నీయక నారాయణునకు ఇచ్చిరి. వేంకటపార్వతీశ్వరులు కొలువు విడువకయే ఆ పని చేసిరి.

అదే ఊరిలో, కొలువునకు వెలుపల, ఉమర్ ఆలీషాగారు (1885-1945) ఉండిరి. మహారాజుగారును వీరును ఒకే సంవత్సరమున జన్మించుట ఒక చిన్న విశేషము. సూఫీ గురుపరంపరకు చెందిన ఆధ్యాత్మిక పీఠమునకు అధిపతి, తెలుగున పద్యములు, నాటకములు వ్రాసిన మహమ్మదీయ కవి, కేంద్ర శాసనసభకు సభ్యులు. వీరు ఉమర్ ఖయ్యామును తెనిగించిరి. మద్యమును, మట్టిని, మృత్యువును పాడిన కవిని ఒక పీఠాధిపతి తెలుగుచేయుట పైకి వింతగా తోచును. కాని పానశాలను దైవసన్నిధిగా చదువుట సూఫీలకు క్రొత్త కాదు. కుమ్మరి చేతిలోని మట్టికి కుమ్మరిని ప్రశ్నించు హక్కు కలదా యన్నది ఖయ్యాము కవిత్వమున నిలిచిన సందేహము. ఆశ్రయ స్వాతంత్ర్యముల సమస్య ఇక్కడ రాజును దాటి సృష్టికర్త దాకా పోయినది. ఉమర్ ఆలీషాగారి ఈ కృషిపై సమగ్రమైన పరిశీలనము జరుగవలసి యున్నది. మన శాఖలలోని విద్యార్థులు దీనిని చేపట్టుదురుగాక.

ఇక కృష్ణశాస్త్రిగారు. వారు 1897 నవంబరు 1వ తేదీన పిఠాపుర సమీపమున జన్మించిరి. తండ్రి తమ్మన్నశాస్త్రిగారును, ఆయన సోదరులు సుబ్బరాయశాస్త్రిగారును పిఠాపుర ఆస్థానకవులు; దేవులపల్లి సోదరకవులని ప్రసిద్ధులు. కావున రాజాశ్రయమన్నది కృష్ణశాస్త్రిగారికి పుస్తకములలో చదివిన విషయము కాదు, ఇంటి గాలి. పిఠాపుర ఉన్నత పాఠశాలలో కూచి నరసింహముగారు ఆంగ్లసాహిత్యాభిరుచిని కలిగించిరి. వేంకటరత్నం నాయుడుగారు బ్రాహ్మమతబీజమును నాటిరి. ఇంట ప్రబంధము, బడిలో షెల్లీ, ప్రార్థనామందిరమున నిరాకారబ్రహ్మము. ఈ మూటి నడుమ పెరిగిన యువకుడు 1925లో 'కృష్ణపక్షము' ప్రకటించెను. ఆ కావ్యములోని స్వేచ్ఛాగానము కేవలము ఆంగ్లకవుల అనుకరణమని కొందరు విమర్శకులు వ్రాసిరి. అది పాక్షికసత్యము. ఆస్థానకవుల ఇంట పుట్టినవాడు ఎవరి కొలువునకును చెందనని చాటుకొనుటలో గల తెగువను ఆ విమర్శకులు లెక్కింపలేదు. షెల్లీకి తెంచుకొనవలసిన బంధము వేరు, ఈయనకు వేరు.

ఆ తెగువ పద్యములకే పరిమితము కాలేదు. కళావంతుల ఇండ్లలోని ఆడపిల్లలకు వివాహములు జరిపించు సంస్కారకార్యమున కృష్ణశాస్త్రిగారు పాల్గొని, తమ సంఘమువారి నిరసనకు గురియైరి. ఈ యంశమును పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెనని ప్రార్థన; ముందు దీనితో పని కలదు.

1948లో మద్రాసు రాష్ట్రమున ఎస్టేట్ల రద్దు చట్టము వచ్చెను. జమీందారీలు అంతరించెను. ఆస్థానమన్న వ్యవస్థ చరిత్రలో కలియుచుండిన ఆ రెండు మూడేండ్లలోనే కృష్ణశాస్త్రిగారు బి. ఎన్. రెడ్డిగారికై ఒక ఆస్థానకథకు సంభాషణలును పాటలును వ్రాసిరి. 1951 డిసెంబరులో 'మల్లీశ్వరి' విడుదలయ్యెను. కథాబీజము బుచ్చిబాబుగారి 'రాయల కరుణకృత్యము' నుండియు, దేవన్ శరార్ అను రచయిత ఆంగ్లనాటికనుండియు గ్రహింపబడినదని చెప్పుదురు. బీజమెవరిదైనను, పల్లకికి ఆ చిత్రమున కలిగిన అర్థము కృష్ణశాస్త్రిగారి మాటలలోనే రూపుకట్టినదని మా నమ్మకము.

కథ ఎల్లరెరిగినదే యైనను కొంత చెప్పక తప్పదు. వీరాపురమను పల్లెలో మల్లి, నాగరాజు బావామరదళ్లు. వానరాత్రి పాడుపడిన మండపమున మల్లి ఆడిపాడుచుండగా మారువేషమున నున్న కృష్ణదేవరాయలును, వెంటనున్న అల్లసాని పెద్దనయు చూతురు. వారెవరో యెరుగని నాగరాజు పరిహాసముగా, రాయలవారితో చెప్పి మల్లికి పల్లకి పంపింపుడని కోరును. పరిహాసము నిజమగును. నాగరాజు ధనార్జనకై శిల్పిగా దేశాంతరము పోయిన వేళ రాణివాసపు పల్లకి మల్లి ఇంటిముందు దిగును. ధనాశగల తల్లి సంతోషించును. అంతఃపురమున మల్లికి సకలభోగములును కలవు. పరపురుషుని చూచు స్వేచ్ఛ మాత్రము లేదు. తరువాత నాగరాజు వచ్చుట, వారు కలియుట, పట్టుబడుట, మరణదండనము, రాయల క్షమ.

ఇందు పెద్దన యెందుకున్నాడు? రాయలు తన చేతితోనే పెద్దన పల్లకి మోసెనని మన చాటుసంప్రదాయము చెప్పును. తెలుగున ఆస్థానకవి పొందిన గౌరవమునకు అది పరమావధి. ఆ పల్లకియే మల్లీశ్వరికి పంజరమైనది. ఒకే ప్రభువు, ఒకే వాహనము. ఎక్కి కూర్చుండినవాడు పురుషుడును కవియునైనచో సన్మానము, ఆడుపిల్లయైనచో చెర. సన్మానమునకును చెరకును నడుమ నున్న భేదము ఇచ్చువాని మనస్సులో లేదు, పుచ్చుకొనువాని సమ్మతిలో ఉన్నది. రాయలు దుష్టుడు కాడు. రాణి తిరుమలదేవి దయగలది. ఎవ్వరును చెడ్డవారు కాకయే ఒక జీవితము బందీ యగుట ఈ చిత్రములోని విషాదము. ఆస్థానకవుల కుమారుడు తప్ప మరియొకడు ఈ సంగతిని ఇంత సౌమ్యముగా చెప్పజాలడేమో.

నాట్యము చూచిన రాజు కన్య కోటలో చేరుట యన్నది మన సంఘచరిత్రలో కేవలము శృంగారవృత్తాంతము కాదు. ఆటపాటలు నేర్చిన స్త్రీ తనది కాక సభది యగుట, గుడిది యగుట కళావంతుల చరిత్ర. ఆ పిల్లల పెండ్లిండ్లు చేయించినందులకు నిందపడిన మనుష్యుడే మల్లికి మాటలు వ్రాసినాడు. నాయుడుగారు మేళమును నిరసించిరి. శిష్యుడు మేళమును నిరసింపక, అందు చిక్కిన ఆడుదాని గుండెను వినిపించెను. గురువు నీతికంటె ఇది ఒక మెట్టు ముందడుగని మేము భావింతుము. చిత్రమున భానుమతిగారి కంఠము, సాలూరి రాజేశ్వరరావుగారి సంగీతము ఆ గుండెకు తోడైనవి.

అయినను ఒక ఆక్షేపము కలదు, బలమైనదే. మల్లీశ్వరి విడుదల పొందినది ఎట్లు? రాయల దయవలన. స్వేచ్ఛ మరల ఏలిక చేతి దానమే యైనది. కృష్ణపక్షమున తనకు తానుగా గ్రహించిన స్వాతంత్ర్యము ఇక్కడ కరుణకృత్యమైనది. మరణదండనము తప్పినది గాని, ఆడువారిని కోటలో బంధించు శాసనము తప్పినట్లు చిత్రము చెప్పదు. మల్లి వెడలిపోయిన తరువాత అంతఃపురమున మిగిలిన జలజ మొదలగువారి మాట ఏమి? ఈ ఆక్షేపమును ఊహించుటకు దూరము పోనక్కరలేదు. పిఠాపురముననే నివసించిన ఆవంత్స సోమసుందర్ గారి 'వజ్రాయుధము' 1949లో, మల్లీశ్వరికి రెండేండ్లు ముందు, వెలువడినది. తెలంగాణ రైతుల సాయుధపోరాటమునుండి పుట్టిన ఆ కావ్యమున ప్రభువు దయకు తావు లేదు. ఒకే ఊరి గాలి పీల్చిన ఇరువురిలో ఒకరు క్షమను చూపిరి, ఒకరు హక్కును అడిగిరి. చరిత్రదృష్టితో చూచినచో సోమసుందర్ గారి పక్షమే బలమైనదని ఒప్పుకొనక తప్పదు. జమీలు పోయినది జమీందారుల దయవలన కాదు. కాని మల్లి దుఃఖము చట్టముతో తీరునది కాదు. ధనాశగల తల్లి, సిగ్గుపడు తండ్రి, పరిహాసమాడిన ప్రియుడు ఆ పల్లకికి నాలుగుబోయీలలో ముగ్గురు. వారిపై ఏ చట్టము పనిచేయును? 1953లో ఈ చిత్రము చీనాదేశమున ప్రదర్శింపబడెను. భూస్వామ్యమును అప్పుడే కూలద్రోసిన ఆ దేశపు ప్రేక్షకులు రాయల క్షమను ఎట్లు గ్రహించిరో తెలిసికొనగలిగిన బాగుండెడిది.

ఇక్కడ మరియొక సంగతి. వేంకటపార్వతీశ్వరులలో ఒకరైన బాలాంత్రపు వేంకటరావుగారి కుమారులు రజనీకాంతరావుగారు (1920-2018) పిఠాపురమున పెరిగినవారు. వారును బి. ఎన్. రెడ్డిగారి 'స్వర్గసీమ' (1945) సంగీతమున పాలుగొనిరి. ఇరువురు ఆస్థానకవుల కుమారులు ఒకే దర్శకుని వద్దకు చేరుట, ఇరువురును ఆకాశవాణి కొలువున కొంతకాలముండుట చూచినచో, ఆస్థానము పోయినప్పుడు కవి ఆశ్రయములేనివాడు కాలేదనియు, ఆశ్రయమే రూపము మార్చుకొన్నదనియు తోచును. నిర్మాత, ప్రభుత్వము, ప్రేక్షకుడు క్రొత్త ఏలికలు. పాత ఏలిక పద్యమును విని తల యూపెడివాడు. క్రొత్తవాడు పాట నిడివిని నిమిషములలో కొలిచినాడు.

'బంగారుపాప' (1955) గూర్చి చెప్పి ముగింతము. ఇదియు బి. ఎన్. రెడ్డిగారిదే, పాటలు కృష్ణశాస్త్రిగారివి, సంభాషణలు పాలగుమ్మి పద్మరాజుగారివి (1915-1983). పద్మరాజుగారు పిఠాపురము రాజావారి పేరనున్న కాకినాడ కళాశాలలో విజ్ఞానశాస్త్రము బోధించినవారు. 1952లో ప్రపంచ కథానికల పోటీలో వారి 'గాలివాన' రెండవ బహుమానము పొందెను. అందు నియమములే కోటగా బ్రతికిన రావుగారికి తుఫానురాత్రి ఒక బిచ్చగత్తె సాన్నిధ్యమే ఆశ్రయమగును. ఆశ్రయమిచ్చువాడు గొప్పవాడు, పొందువాడు అల్పుడు అను లెక్క అక్కడ తలక్రిందైనది. ఆ తలక్రిందులే బంగారుపాపకును ప్రాణము. దాని మూలము జార్జి ఎలియట్ 1861లో ప్రకటించిన 'సైలస్ మార్నర్' నవల. సైలస్ లోకముచేత మోసపోయిన సాలెవాడు. కూడబెట్టిన బంగారునాణెములను దొంగ కొనిపోయిన తరువాత, పొయ్యిముందు పసిపాప బంగారువన్నె జుట్టును చూచి తన పైకమే తిరిగి వచ్చినదని భ్రమపడును. తెలుగుచిత్రమున నాయకుడు కోటయ్య, ఎస్. వి. రంగారావుగారు ఆ పాత్రను ధరించిరి. చెరనుండి వచ్చి పగతో రగులుచున్నవానికి విడువబడిన శిశువు దొరకును. మన పాపకు బంగారుజుట్టు లేదు. అయినను బిడ్డను 'బంగారము' అని పిలుచుట తెలుగుతల్లుల వాడుక కావున, ఎలియట్ చేసిన ముడి ఒక్క పేరుతోనే మన భాషలో పడినది. అనువాదమన నిట్లుండవలెను. ఇందు కాపాడినవాడు కోటయ్యయా, పాపయా? పోషించువాడే పోషింపబడినాడు. ఋణము ఎవరిది ఎవరికన్న లెక్క తేలదు. పిఠాపుర ఆస్థానమున మొదలైన ప్రశ్నకు ఈ చిత్రమిచ్చిన సమాధానము మల్లీశ్వరి ఇచ్చినదానికంటె మేలైనదని మా యభిప్రాయము. అయినను జనుల జ్ఞాపకమున మల్లీశ్వరియే మిగిలినది, పాటల బలమట్టిది.

కృష్ణశాస్త్రిగారికి 1963లో గొంతు వ్యాధివలన మాట పోయినది. పాట పోలేదు, చలనచిత్రములకు వారు మరి పెక్కేండ్లు వ్రాసిరి. 1980 ఫిబ్రవరిలో వారు గతించిన తరువాత, 1982లో, దాసరి నారాయణరావుగారి 'మేఘసందేశము' వారి గీతములను గ్రహించి వెలువడినది. గోదావరితీరపు ఆ కథలో గృహస్థుడైన భావుకుడొకడు కళావంతుల ఇంట పుట్టిన నర్తకియందు అనురక్తుడగును. అక్కడ పల్లకి పంపుటకు రాయలు లేడు, క్షమించుటకును లేడు. తీర్పు చెప్పవలసినది భార్య. ఆమె చెప్పదు.